పిల్లల ఫోన్లలో జిల్లాల లెక్కలు: గ్రాఫుల పేజీ పని డైరీ

తొమ్మిదో తరగతి పిల్లలు ఫోన్‌లోనే తెరిచి, జిల్లాల లెక్కలను గ్రాఫులుగా మార్చి చూసుకోడానికి ఒక వెబ్ పేజీ కడుతున్నాను. ఇలాంటిదే చేద్దామనుకునేవాళ్లు ఈ కొలతలనూ మార్పులనూ నేరుగా వాడుకోవచ్చు. పని ఎక్కడెక్కడ ఆగిందో ఎక్కువగా రాశాను, అదే చోట ఇంకొకరి సమయం పోకూడదని.

పేజీకి ఒకటే నియమం పెట్టుకున్నాను. తెర మీద కనిపించే ప్రతి గీతా, ప్రతి రంగూ పట్టికలో ఏ వరుస నుంచి వచ్చిందో పిల్లలు వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే ఆ ఫీచర్ ఎంత బాగున్నా తీసేయాలి. కింద చెప్పే మార్పులన్నీ దీని నుంచి వచ్చినవే.

సరంజామా:

1. డీ3 లైబ్రరీ (వెబ్ పేజీలో గ్రాఫులు గీయడానికి వాడే జావాస్క్రిప్టు కోడు). చివరికి మొత్తం కాదు, కావలసిన ముక్కలే.
2. మ్యాపు సరిహద్దులు పలుచన చేయడానికి మ్యాప్‌షేపర్.
3. చవక ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి. తెర వెడల్పు 360 పిక్సెళ్లు. ల్యాప్‌టాప్‌లో బాగున్నది ఇందులో బాగా లేకపోతే, అది బాగా లేనట్టే.
4. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 23 జిల్లాల జనాభా, విస్తీర్ణం, అక్షరాస్యత.

2011 లెక్కలే ఎందుకంటే, 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. జిల్లాల వారీగా పూర్తిగా లెక్కపెట్టిన అంకెలు ఇవే చివరివి.

దశ 1: పట్టిక

మొదటి బార్ చార్టు చూడ్డానికి చక్కగా వచ్చింది. రంగారెడ్డి అన్నిటికన్నా పొడుగు, విజయనగరం అన్నిటికన్నా పొట్టి. ఎవరికీ అనుమానం రాదు. కానీ పట్టిక అడుగున వేసిన మొత్తం 832 అని చూపించింది. రావలసింది 8,45,80,777.

కారణం కామాలు. ఫైల్లో హైదరాబాద్ జనాభా 39,43,323 అని మన పద్ధతిలోనే ఉంది. జావాస్క్రిప్టులో ‘పార్స్‌ఇంట్’ మొదటి కామా దగ్గర ఆగిపోయి 39 అని చదువుతుంది. రంగారెడ్డి 52, విజయనగరం 23. అన్ని జిల్లాలూ లక్షల్లోనే ఉన్నాయి కాబట్టి గ్రాఫు ఆకారం దాదాపు సరిగ్గానే వచ్చింది. ఆకారం సరిగ్గా ఉండి అంకె తప్పైతే పట్టుకోవడం ఎంత కష్టమో ఇక్కడ చూడండి: మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం మూడూ 40 దగ్గర సమానంగా నిలబడ్డాయి. నిజానికి మహబూబ్‌నగర్ 40,53,028, కర్నూలు 40,53,463, అనంతపురం 40,81,148.

మార్చినవి:

1. అంకెగా మార్చే ముందు కామాలు, ఖాళీలు తీసేయడం.
2. మార్చాక అంకె రాకపోతే సున్నా పెట్టకుండా ఆ గడిని ఎర్రగా చూపించడం. సున్నా కూడా ఒక లెక్కే. తెలియని దానికి సున్నా పెడితే పిల్లలకు అబద్ధం చెప్పినట్టు.
3. ప్రతి అంకెల కాలమ్ అడుగునా మొత్తం చూపించడం. జనాభా 8,45,80,777, విస్తీర్ణం 2,75,045 చదరపు కిలోమీటర్లు. ఈ రెండూ సరిపోతేనే గ్రాఫు గీస్తుంది.

అక్షరాస్యత శాతాలను మాత్రం కూడకూడదు. ఆ కాలమ్ అడుగున గీత పెట్టి, ‘శాతాలను కూడలేం’ అని రాశాను.

తిరిగి తెర మీద చూపించేటప్పుడు ఇంకో అడ్డంకి. డీ3 మామూలుగా మూడేసి అంకెలకు కామా పెడుతుంది, అంటే 3,943,323. మన పిల్లలు దాన్ని చదవలేరు, చదవాల్సిన అవసరమూ లేదు. లొకేల్ సెట్టింగులో (ఏ ప్రాంతం పద్ధతిలో అంకెలు రాయాలో చెప్పే చోట) గ్రూపింగ్‌ను 3, 2, 2, 2 అని ఇస్తే 39,43,323 వస్తుంది. ఒక్క లైను పని, కానీ గ్రాఫు గీసే ముందే చేయాలి. అక్షం మీద ఒక పద్ధతి, పట్టికలో ఇంకో పద్ధతి ఉంటే రెండూ ఒకే అంకె అని పిల్లలకు అనిపించదు.

ఇప్పటిదాకా: డేటా 2 కేబీ లోపు. డీ3 మొత్తం పెట్టడం వల్ల పేజీ దాదాపు 280 కేబీ. నొక్కే బటన్లు 0.

దశ 2: బార్ చార్టు, జిల్లా పేర్లు

నిలువు బార్లు పెడితే 23 పేర్లు కింద పట్టవు. అన్ని పుస్తకాల్లోలా పేర్లను 45 డిగ్రీలు తిప్పి చూశాను. ఇంగ్లిష్ అక్షరాలకు అది కొంతవరకు నడుస్తుంది. తెలుగులో వత్తులు కిందికి, గుడులు పైకి వెళ్తాయి కాబట్టి చిన్న తెర మీద అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ‘కృష్ణా’ ఏదో ‘కర్నూలు’ ఏదో తెలియలేదు.

బార్లను అడ్డంగా పడుకోబెట్టాను. అప్పుడు ‘శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు’ వచ్చి అడ్డుపడింది. 15 పిక్సెళ్ల అక్షరాలతో ఆ ఒక్క పేరే తెరలో సగానికి పైగా తీసుకుంది, బార్‌కు మిగిలిన చోటు సరిపోలేదు. పేర్లను కత్తిరించి చుక్కలు పెడదామని చూస్తే ఇంకా పెద్ద చిక్కు వచ్చింది. ‘శ్రీకాకుళం’ మన కంటికి నాలుగు అక్షరాలు: శ్రీ, కా, కు, ళం. కంప్యూటర్‌కు అది పది ముక్కలు. మొదటి మూడు ముక్కలు ఉంచమంటే శ, పొల్లు, ర మిగిలి ‘శ్ర’ అయింది, గుడిదీర్ఘం ఎగిరిపోయింది. ‘ఇంటల్ సెగ్మెంటర్’ అనే సదుపాయం అక్షరాలను కలిపి లెక్కపెడుతుంది గానీ, పాత బ్రౌజర్లు పొల్లు దగ్గర తెంపేస్తాయి. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ ప్రమాణమైన యూనికోడ్‌లో, 15.1 వెర్షన్‌లో నియమం మారాకే తెలుగు సంయుక్తాక్షరాలు ఒక ముక్కగా లెక్కకొచ్చాయి. పిల్లల ఇళ్లలో ఉండే ఫోన్లలో ఏ బ్రౌజర్ ఉందో మన చేతుల్లో లేదు.

అందుకే కత్తిరించడమే మానేశాను. చివరికి నిలిచిన కొలతలు:

1. పేరు బార్ పక్కన కాదు, బార్ పైన. పేరుకు మొత్తం వెడల్పు దొరుకుతుంది.
2. ఒక్కో జిల్లాకు 44 పిక్సెళ్ల ఎత్తు. పేరుకు 24, బార్‌కు 14, మిగతాది ఖాళీ.
3. అక్షరం ఎత్తుకు 1.6 రెట్లు లైను ఎత్తు. 1.2 పెట్టినప్పుడు ‘తూర్పు’లో పావత్తు బార్‌లోకి దిగింది.
4. పూర్తి అంకె పేరు లైనులోనే కుడి చివర.

నాలుగోది తప్పనిసరి. మహబూబ్‌నగర్‌కు, కర్నూలుకు తేడా 435 మంది. రంగారెడ్డికి 330 పిక్సెళ్ల బార్ పెడితే 435 మందికి పిక్సెల్‌లో ముప్పయ్యో వంతు కూడా రాదు. ఏ తెరా దాన్ని చూపించలేదు. ‘ఎవరు ఎక్కువ?’ అని అడిగితే బార్ జవాబు చెప్పలేని చోట అంకె చెప్పాలి.

44 పిక్సెళ్ల చొప్పున 23 జిల్లాలంటే 1,012 పిక్సెళ్లు. ఒక్క తెరలో పట్టదు, కిందికి జరపాలి. దానికి ఒప్పుకున్నాను. పిల్లలు జరపడంలో ఆరితేరినవాళ్లు, చిన్న అక్షరాలు చదవడంలో కాదు.

ఇప్పటిదాకా: డీ3లో స్కేలు, అర్రే, ఫార్మాట్ ముక్కలే ఉంచితే పేజీ 60 కేబీకి దిగింది. నొక్కే బటన్లు 1 (ఎక్కువ నుంచి తక్కువకు పేర్చు).

దశ 3: సున్నా దగ్గర మొదలవని అక్షం

అక్షరాస్యతకు అదే బార్ చార్టు వాడితే అన్ని బార్లూ ఇంచుమించు ఒకేలా కనిపించాయి. తేడా బాగా తెలియాలని అక్షాన్ని 50 దగ్గర మొదలుపెట్టి చూశాను. హైదరాబాద్ 83.25 శాతం, మహబూబ్‌నగర్ 55.04 శాతం. 50 నుంచి గీస్తే ఒకదానికి 33.25 పొడవు, ఇంకోదానికి 5.04. బార్ ఆరున్నర రెట్లు పొడుగైంది. నిజమైన నిష్పత్తి ఒకటిన్నర రెట్లే. చూపించి అడిగితే పిల్లలు ‘ఆరు రెట్లు’ అనే అన్నారు. వాళ్లు బొమ్మను సరిగ్గానే చదివారు. లోపం బొమ్మలో ఉంది.

బార్ చార్టులో సున్నాను కదిలించే వీలు పూర్తిగా తీసేశాను. కానీ ఇది తెలుసుకోవాల్సిన విషయమే. పేపర్లలో, టీవీల్లో ఇలాంటి గ్రాఫులు రోజూ కనిపిస్తాయి. అందుకని ‘అక్షం కత్తిరిస్తే?’ అనే విడి బటన్ పెట్టాను. నొక్కి పట్టుకున్నంతసేపు అక్షం 50 దగ్గర మొదలవుతుంది, పైన ‘కనిపించే తేడా 6.6 రెట్లు, అసలు తేడా 1.5 రెట్లు’ అని వస్తుంది. వదిలేస్తే సున్నాకు తిరిగి వస్తుంది. పిల్లలు దీన్ని నొక్కుతూ వదులుతూ చాలాసేపు ఉండిపోయారు. పేజీ మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

తేడాలు బాగా తెలియాల్సిన చోట బార్ బదులు చుక్కలు వాడాను. చుక్కకు పొడవు లేదు, స్థానమే ఉంది. అక్షం 50 నుంచి మొదలైనా చుక్క అబద్ధం చెప్పదు.

ఇప్పటిదాకా: పేజీ 62 కేబీ. నొక్కే బటన్లు 3.

దశ 4: చార్టు పేర్లు తీసేసి ప్రశ్నలు

మొదట పైన ఒక మెనూ ఉండేది: బార్, పై, బబుల్, లైన్, మ్యాపు. పిల్లల చేతికి ఇస్తే చాలామంది పై చార్టు నొక్కారు, గుండ్రంగా రంగురంగులుగా ఉంది కాబట్టి. 23 ముక్కల పై చార్టులో ఏ ముక్క పెద్దదో చెప్పమంటే ఒక్కరూ చెప్పలేకపోయారు. గ్రాఫులను కన్ను ఎలా చదువుతుందో పరిశోధించిన విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో చెప్పింది కూడా ఇదే: ఒకే అక్షం మీది స్థానాన్ని మన కన్ను అన్నిటికన్నా బాగా పోల్చగలదు, పొడవు, కోణం ఆ తర్వాతే, వైశాల్యం ఇంకా తర్వాత.

బబుల్ చార్టు ఇంకో రకంగా తప్పింది. అంకెను వృత్తం వ్యాసార్థానికి ఇస్తే, రంగారెడ్డి విజయనగరం కన్నా 2.26 రెట్లు పెద్దదైతే బుడగ వైశాల్యం 5.1 రెట్లు అవుతుంది. వర్గమూలం స్కేలు పెడితే వైశాల్యం సరిపోతుంది. సరిచేశాక కూడా ‘ఈ బుడగ ఆ బుడగకు ఎన్ని రెట్లు?’ అంటే అందరూ తలో అంకె చెప్పారు. మొదటి నియమం ప్రకారం రెండూ పోయాయి.

మెనూ బదులు మూడు ప్రశ్నలు పెట్టాను:

1. ఏది ఎక్కువ, ఏది తక్కువ? (బార్)
2. ఎంత తేడా? (చుక్కలు)
3. ఎక్కడ? (మ్యాపు)

చార్టు రకాన్ని పేజీయే ఎంచుకుంటుంది. ఎంచుకున్నాక ‘ఇది బార్ చార్టు’ అని కింద చిన్నగా చెబుతుంది, పేరు కూడా అలవాటవుతుందని. కొత్తగా నేర్చుకునేవాళ్లకు బోలెడు చార్టులు ఇవ్వడం ఉపకారం కాదని నా గట్టి అభిప్రాయం. ముందు ప్రశ్న స్పష్టంగా ఉండాలి.

పేర్చేటప్పుడు బార్లు ఒక్కసారిగా చోటు మారితే ఎవరెక్కడికి వెళ్లారో తెలియడం లేదు. డీ3 ట్రాన్సిషన్ (ఒక చోటి నుంచి ఇంకో చోటికి మెల్లగా జరిపే కదలిక) మామూలు నిడివి 250 మిల్లీసెకన్లు. అది కంటికి అందలేదు. 600కు పెంచి, కదలిక జరుగుతున్నంతసేపు పిల్లలు ఎంచుకున్న జిల్లాకు మాత్రమే ముదురు రంగు ఉంచాను. ఒక జిల్లా వెంట చూపు సాగుతుంది, అది చాలు.

ఇప్పటిదాకా: పేజీ 64 కేబీ. నొక్కే బటన్లు 6.

దశ 5: మ్యాపు, రంగులు

ఎక్కువ సమయం ఇక్కడే పోయింది.

2011 నాటి జిల్లా సరిహద్దులు డేటామీట్ అనే బృందం అందరికీ అందుబాటులో పెట్టిన ఫైళ్లలో దొరుకుతాయి. ఉమ్మడి రాష్ట్రం విడదీశాక ఫైలు ఇంకా మెగాబైట్లలోనే ఉంది. మ్యాప్‌షేపర్‌లో 2 శాతానికి పలుచన చేసి, టోపోజేసన్ అనే మ్యాపు ఫైలు రకంగా మార్చితే 40 కేబీకి వచ్చింది. టోపోజేసన్‌లో రెండు జిల్లాల మధ్య సరిహద్దు ఒక్కసారే ఉంటుంది, అందుకే ఇంత తేడా. ‘కీప్ షేప్స్’ ఎంపిక మరవకండి. అది లేకపోతే బాగా చిన్న ఆకారాలు మాయమయ్యే ప్రమాదం ఉంది. తూర్పు గోదావరిలో కాకినాడకు దిగువన ఒక చిన్న రంధ్రం కనిపిస్తే ఫైలు పాడైందని అనుకోవద్దు. అది యానాం. పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి మన పట్టికలో లేదు.

జనసాంద్రత ఎంచుకున్నాను, అంటే జనాభాను విస్తీర్ణంతో భాగించాలి. జనాభానే రంగులుగా వేస్తే పెద్ద జిల్లాలు ఊరికే ముదురుగా కనిపిస్తాయి.

తక్కువ నుంచి ఎక్కువకు ఐదు సమాన భాగాలు చేసి ఐదు రంగులు ఇచ్చాను. మ్యాపు మొత్తం ఒకే లేత రంగు. మధ్యలో ఒక్క ముదురు చుక్క.

అంకెలు చూస్తే కారణం తెలుస్తుంది. హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లు, 39,43,323 మంది. చదరపు కిలోమీటరుకు 18,172. తర్వాతది రంగారెడ్డి, 707. అన్నిటికన్నా తక్కువ ఆదిలాబాద్, 170. ఐదు సమాన భాగాలంటే ఒక్కోటి 3,600 వెడల్పు. మొదటి భాగం 170 నుంచి 3,770 దాకా. 22 జిల్లాలూ అందులోనే పడ్డాయి. మధ్యలో మూడు రంగులు ఎవరికీ దక్కలేదు.

రెండో పద్ధతి: జిల్లాలను వరసగా నిలబెట్టి ఐదు గుంపులు చేయడం, అంటే క్వాంటైల్. హద్దులు 216, 268, 328, 471 దగ్గర పడ్డాయి. గుంపుల్లో 5, 4, 5, 4, 5 జిల్లాలు. మ్యాపు వెంటనే మాట్లాడింది. గోదావరి, కృష్ణా డెల్టా ముదురు, రాయలసీమలో ఎక్కువ భాగం లేత, ఆదిలాబాద్, ఖమ్మం అడవి ప్రాంతాలు లేత. నీళ్లు పారే చోట జనం ఎలా కూడారో తొమ్మిదో తరగతి పిల్లలు తమంతట తామే అన్నారు.

ఇది కూడా పూర్తిగా నిజం చెప్పడం లేదు. 477 ఉన్న తూర్పు గోదావరి, 18,172 ఉన్న హైదరాబాద్ ఒకే రంగులో ఉన్నాయి. రంగు పెట్టెలో (ఏ రంగు ఏ అంకెలకో చెప్పే చోట) ‘471 పైన’ అని చదివిన పిల్లలు హైదరాబాద్ ఓ ఐదారు వందలు ఉంటుందనుకున్నారు.

లాగ్ స్కేలు పెట్టొచ్చు. పెద్ద చదువుల వాళ్లకు అదే సరైనది. తొమ్మిదో తరగతికి సంవర్గమానాలు చెప్పి మ్యాపు చదవమనడం మాత్రం పేజీ పని కాదు. చివరికి చేసింది:

1. హైదరాబాద్‌కు విడిగా ఆరో రంగు, రంగు పెట్టెలో దాని పేరు, అంకె. ఐదో రంగులో రంగారెడ్డి, కృష్ణా, రెండు గోదావరులు మిగిలాయి.
2. హద్దులు 215, 270, 330, 470కి సర్దడం. సర్దాక ఏ జిల్లా గుంపు మారలేదని సరిచూశాను. మీ డేటాలో ఇది తప్పక చూసుకోండి, గుండ్రటి అంకె కోసం ఒక జిల్లా పక్క గుంపులోకి జారిపోవచ్చు.
3. రంగు పెట్టెలో ప్రతి రంగు పక్కన ‘5 జిల్లాలు’, ‘4 జిల్లాలు’ అని లెక్క. రంగు నొక్కితే ఆ జిల్లాలు పట్టికలో వెలుగుతాయి.
4. ‘సమాన భాగాలు’, ‘సమాన గుంపులు’ అని రెండు బటన్లు. రెండో మ్యాపే నిజం అని చెప్పి మొదటిది దాచేయలేదు. ఒకే పట్టిక రెండు రకాల మ్యాపులు ఎలా అవుతుందో మార్చి మార్చి చూడాలి.

రంగుల ఎంపిక: ఎరుపు నుంచి ఆకుపచ్చ దాకా వేసినదాన్ని క్రోమ్‌లో వర్ణాంధత్వం అనుకరణ పెట్టి చూస్తే రెండు చివర్లూ ఒకే మట్టి రంగులో కలిశాయి. సింథియా బ్రూయర్ తయారుచేసిన కలర్‌బ్రూయర్‌లో లేత పసుపు నుంచి ముదురు నీలం దాకా వెళ్లే వరస తీసుకున్నాను. లేత నుంచి ముదురుకు వెళ్తుంది కాబట్టి, నలుపు తెలుపు జిరాక్స్ తీసినా ఎక్కువ తక్కువలు తెలుస్తాయి. స్కూళ్లలో ఆఖరికి జరిగేది జిరాక్సే.

సగటు సంగతి ఇక్కడే బయటపడింది. పట్టిక అడుగున ‘సగటు’ అని ఒక అంకె పెట్టి ఉంచాను. 23 జిల్లాల సాంద్రతల సగటు 1,103. అంటే ఒక్క హైదరాబాద్ తప్ప 22 జిల్లాలూ సగటు కన్నా కిందే. ఉమ్మడి రాష్ట్రం మొత్తం జనాభాను మొత్తం విస్తీర్ణంతో భాగిస్తే 308. మధ్యగతం, అంటే పన్నెండో స్థానంలో ఉన్న మెదక్ అంకె, 313. మధ్యగతం వాళ్ల లెక్కల పుస్తకంలో ఉన్న పాఠమే. సగటు, మధ్యగతం రెండూ అక్షం మీద రెండు సన్న గీతలుగా పెట్టి, ‘హైదరాబాద్ తీసి చూడు’ అనే బటన్ ఇచ్చాను. నొక్కితే సగటు 1,103 నుంచి 328కి పడిపోతుంది, మధ్యగతం 313 నుంచి దాదాపు 294కు మాత్రమే కదులుతుంది. పట్టికలో హైదరాబాద్ వరుస బూడిద రంగులో అక్కడే ఉంటుంది, పైన ‘1 జిల్లా పక్కన పెట్టాం’ అని కనిపిస్తూనే ఉంటుంది. తీసేసింది కనపడకుండా పోకూడదు.

ఇప్పటిదాకా: పేజీ 112 కేబీ. నొక్కే బటన్లు 9.

దశ 6: వేలు పట్టేంత చోటు

‘సార్, హైదరాబాద్ నొక్కితే రంగారెడ్డి వస్తుంది’ అని ఒకమ్మాయి ఫోన్ తెచ్చి చూపించింది.

లెక్క వేస్తే అంతే. ఉమ్మడి రాష్ట్రం తూర్పు పడమరలు దాదాపు 850 కిలోమీటర్లు. 330 పిక్సెళ్లలో గీస్తే కిలోమీటరుకు 0.39 పిక్సెల్. హైదరాబాద్ జిల్లా వెడల్పు 15 కిలోమీటర్లు అనుకుంటే తెర మీద 6 పిక్సెళ్లు. వేలికి కావలసింది 44. పైగా చుట్టూరా రంగారెడ్డే.

జూమ్ పెట్టాను. రెండు వేళ్లతో మ్యాపు పెద్దది చేయబోతే పేజీ మొత్తం పెద్దదైంది, మ్యాపు బయటికి పోయింది, వెనక్కి రావడం తెలియక పేజీ మూసి మళ్లీ తెరిచారు. జూమ్ తీసేశాను. దాని బదులు:

1. ప్రతి జిల్లాకు మధ్య బిందువు తీసుకుని, వేలు పడ్డ చోటికి ఏ బిందువు దగ్గరో డీ3లో దగ్గరి బిందువును వెతికే ‘డెలోనే’ ముక్కతో కనుక్కోవడం. సరిహద్దు లోపలే నొక్కాలన్న నిబంధన పోయింది.
2. అది చాలలేదు, హైదరాబాద్ బిందువు, రంగారెడ్డి బిందువు మరీ దగ్గర. హైదరాబాద్‌కు మ్యాపు పైన ఖాళీ చోట ఒక పెద్ద గడి గీసి, సన్న గీతతో అసలు చోటికి కలిపాను.
3. వేలు పక్కన తేలే పెట్టె తీసేశాను. వేలి కిందే ఉండి కనిపించడం లేదు. అంకె ఇప్పుడు మ్యాపు కింద కదలని ఒక లైనులో వస్తుంది.
4. మౌస్ మీదుగా వెళ్తే పనిచేసేవన్నీ పాయింటర్ ఈవెంట్లకు (మౌసుకూ వేలికీ ఒకేలా పనిచేసే సంకేతాలకు) మార్చాను. ఫోన్‌లో ‘మీదుగా వెళ్లడం’ అనేది లేదు.

దశ 7: మా జిల్లా ఏది?

సూర్యాపేట దగ్గరి ఒక హైస్కూల్లో పేజీ తెరవగానే మొదట వచ్చిన ప్రశ్న: ‘మా సూర్యాపేట లేదేంది సార్?’ నిజమే. 2011లో అది నల్గొండ జిల్లాలో భాగం. తెలంగాణలో 2016లో జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేటతో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. ఈ పిల్లలకు ఊహ తెలిసేసరికే పాత మ్యాపు లేదు.

ఇప్పటి జిల్లాల హద్దుల్లోకి పాత అంకెలను పంచి చూపించాలన్న ఆలోచన వచ్చింది. విస్తీర్ణం చొప్పున పంచితే అంకెలు వస్తాయి గానీ, అవి ఎవరూ లెక్కపెట్టినవి కావు. పట్టికలో వేలు పెట్టి చూపించలేం. వద్దనుకున్నాను. మండలాల వారీగా కూడితే సరైన లెక్క వస్తుంది, అది వేరే పెద్ద పని.

ప్రస్తుతానికి వెతుకు పెట్టె ఒకటి. ‘సూర్యాపేట’ అని కొడితే ‘2011లో నల్గొండ జిల్లాలో ఉండేది’ అని చెప్పి నల్గొండను వెలిగిస్తుంది. సిద్దిపేట అని కొడితే మెదక్, కరీంనగర్, వరంగల్ మూడూ వెలుగుతాయి, ఆ మూడింటి నుంచీ కొంత కొంత కలిసి ఏర్పడింది కాబట్టి. ఇది పెట్టాక పిల్లలు మ్యాపు చూసే తీరే మారింది. ముందు సొంత జిల్లా, తర్వాత అమ్మమ్మ ఊరి జిల్లా, ఆ తర్వాతే మిగతావి.

ఇప్పటిదాకా: పేజీ 118 కేబీ. నొక్కే బటన్లు 9, వెతుకు పెట్టె 1.

దశ 8: సొంత పట్టిక

తరగతిలో పిల్లల ఎత్తులు, ఊళ్లో బోర్ల లోతు, మధ్యాహ్న భోజనం చేసినవాళ్ల సంఖ్య: ఇలాంటివి తామే రాసి గ్రాఫు చేసుకోవాలి. ఫైలు ఎక్కించే పద్ధతి మొదటి రోజే ఆగింది. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన పట్టిక ఫైలుగా) భద్రపరిస్తే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి. ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అని వేరే ఎంపిక ఉంది, కానీ అది పిల్లలకు చెప్పి చేయించే విషయం కాదు. పేజీలోనే రెండు కాలమ్‌ల పట్టిక పెట్టాను: పేరు, అంకె. అంతే.

తప్పు చెప్పే తీరు మీద శ్రద్ధ పెట్టాను. ‘చెల్లని ఇన్‌పుట్’ అంటే పిల్లలు టెన్షన్ పడి పేజీ మూసేస్తున్నారు. ఇప్పుడు ‘4వ వరుసలో 152సెం.మీ. అని ఉంది. అంకె మాత్రమే రాయి: 152’ అని చెబుతుంది, పక్కనే ‘సరే, మార్చు’ బటన్ ఉంటుంది. తెలుగు అంకెలు ౧౫౨ అని రాసినా తీసుకుంటుంది. ‘2 లక్షలు’ అని రాస్తే తానుగా మార్చదు, 2,00,000 అని రాయమంటుంది. రాసినవి ఆ ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లవు, బ్రౌజర్‌లోనే ఉంటాయి.

ఇప్పటిదాకా: పేజీ 124 కేబీ. నొక్కే బటన్లు 11, వెతుకు పెట్టె 1. తెలుగు ఫాంటు విడిగా పెట్టలేదు. ఫోన్‌లో ఉన్న నోటో ఫాంటే వాడుతుంది, లేకపోతే పేజీ బరువు ఇక్కడే రెట్టింపయ్యేది.

మిగిలిన పని

1. చూపు లేని పిల్లలకు ఫోన్ చదివి వినిపించేలా ప్రతి బార్‌కు ‘హైదరాబాద్, 39 లక్షల 43 వేల 323’ అనే వాక్యం జతచేయడం. బార్లకు సగం అయింది, మ్యాపుకు ఇంకా మొదలుపెట్టలేదు.
2. మండలాల లెక్కలు కూడి ఇప్పటి జిల్లాల పట్టికలు తయారుచేయడం. 2011 తర్వాత చీలిన మండలాల దగ్గర గ్రామాల దాకా వెళ్లాలి. ముందు సూర్యాపేటతో మొదలుపెడుతున్నాను. అది ఒక్క పాత జిల్లా నుంచే వచ్చింది కాబట్టి పాత నల్గొండలోని మిగతా మండలాలతో కలిపి వచ్చే మొత్తాన్ని నల్గొండ 34,88,809తో సరిచూసుకోవచ్చు.
3. ‘అక్షం కత్తిరిస్తే?’ బటన్ చుక్కల చార్టులోనూ కనిపిస్తోంది. అక్కడ దానికి పని లేదు, తీసేయాలి.